తుపాకీకి తలంటు పోసిన రోజు

మొన్న గుడి క్యాంటీన్లో ఒక కుర్రాడు ఇడ్లీ ప్లేటు పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "అంకుల్, మీరు ఎక్కడ రిటైర్ అయ్యారు?" అన్నాడు ఎంతో మర్యాదగా. నా కళ్లజోడు, నెరిసిన జుట్టు చూసి ఏ రాకెట్ సైంటిస్టో అనుకున్నట్టున్నాడు. "తుపాకులు కడిగి రిటైర్ అయ్యాను నాన్నా" అన్నాను. చట్నీలో ముంచిన ఇడ్లీ నోటిదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఇంతలో వాళ్లమ్మ వచ్చి "పదరా, డాడీ పిలుస్తున్నారు" అని లాక్కెళ్లిపోయింది. వాళ్ల డాడీ ఎవర్నీ పిలవలేదు. పక్క టేబుల్ దగ్గర సాంబార్ తాగుతూ నన్నే చూస్తున్నాడు.

ఆ కుర్రాడికి చెప్పకుండా మిగిలిపోయిన మాట ఇది. చదువుకున్నవాళ్లు మీరు. నేను చూసిన ఒక వింత చెప్తాను, వినండి.

తొమ్మిదో తరగతిలో లెక్కలకీ నాకూ పడక ఇద్దరం గౌరవంగా విడిపోయాం. తర్వాత బెజవాడలో డీజిల్ పంపులు రిపేరు చేసే షాపులో చేరాను. లారీ పంపు విప్పడం, కిరసనాయిల్లో కడగడం, మళ్లీ బిగించడం, అదే నా చదువు. డెబ్భైల చివర్లో అక్కావాళ్లు నన్ను అమెరికా రప్పించారు. ఇల్లినాయిలో, అరోరాలో దిగాను. మా బావగారు డాక్టరు. అప్పట్లో ఇక్కడి మనవాళ్లంతా డాక్టర్లు, కాకపోతే ఇంజనీర్లు. పార్టీల్లో ప్రతివాళ్లూ "మీ స్పెషాలిటీ ఏమిటండీ?" అనేవారు. "కిరసనాయిలు" అనేవాణ్ణి. కొందరు నిజంగానే తల ఊపేవారు.

నది దగ్గర ఒక తుపాకుల షాపుండేది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో రిపేరు. హెల్పర్ కావాలని కిటికీలో అట్టముక్క పెట్టారు. లోపలికి వెళ్లాను. షాపు ముసలాయన ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైనుంచి చూశాడు.

"నీకేం వచ్చు?"

"ఏ మెషీనైనా విప్పుతాను."

"మళ్లీ బిగిస్తావా?"

"అది కూడా అడుగుతారనుకోలేదు" అన్నాను.

ముసలాయన పెదవి ఒక పక్కకి కొద్దిగా వంగింది. ఆయన నవ్వంటే అంతేనని తర్వాత తెలిసింది. మర్నాటినుంచి రమ్మన్నాడు. ఇంటికెళ్లి చెప్తే మా బావగారు పేపరు పక్కన పెట్టేశారు.

"ఏవోయ్ బామ్మర్దీ, తుపాకుల షాపేమిటయ్యా? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను నేను?"

"మెటల్ సర్జన్ అని చెప్పండి."

"సర్జన్లు నా మీద కేసేస్తారు."

ఆ షాపులో ఉన్నది ముగ్గురం. వెనక గదిలో ముసలాయన, నేను. ముందు కౌంటర్ దగ్గర ఆయన మరదలు, అంటే చనిపోయిన భార్య చెల్లెలు. ఆవిడది పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. నన్ను "హనీ" అనేది. మొదటివారం నేను కంగారుపడి అక్కకు చెప్తే, "ఇక్కడ పోస్ట్‌మ్యాన్‌నీ అంతే అంటారు, నువ్వేం ఊహించుకోకు" అని నీళ్లు చల్లింది.

షాపులో ఒక ఆచారం ఉండేది. ఏ తుపాకీ బల్ల మీదికి వచ్చినా, ముందు ముసలాయన తెరిచి చూసి "ఎంప్టీ" అనాలి. తర్వాత రెండోవాడు కూడా కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, "ఎంప్టీ" అనాలి. పెద్దాయన చూశాడు కదా అని ఊరుకోవడానికి లేదు. తెచ్చినవాడు ఒట్టు వేసి చెప్పినా లెక్కలేదు. తూటాల పెట్టె ఏదీ వెనక గది గడప దాటకూడదు. నేను మొదటిరోజు అలవాటుగా "ఖాళీ" అన్నాను. ముసలాయన ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూశాడు. "కాలీ," అన్నాడు. కొన్నాళ్లకి ఇద్దరమూ అదే అనడం మొదలుపెట్టాం. అలా ఒక తెలుగు మాట ఇల్లినాయిలో తుపాకీ గొట్టాల్లోకి తొంగి చూస్తూ చాలాకాలం బతికింది.

ఇంకో ఆచారం, ఆచారం కాదు మతం అనాలి, తుపాకీకి నీటిచుక్క తగలకూడదు. ఇనుముకి నీళ్లంటే తుప్పు. ముసలాయన చేతులు కడుక్కుంటే మోచేతిదాకా తుడుచుకుని గానీ వెనక గదిలో కాలు పెట్టేవాడు కాదు. కడగడమంతా సాల్వెంటుతోనే. పెట్రోలుకి పిన్నికూతురు లాంటి సరుకది. మూత లేని పెద్ద రేకు ట్రేలో పోసి, బ్రష్షుతో రుద్దుతూ ఉండేవాళ్లం. నాదీ అదే మతం కనక మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఆ వాసనకి మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి. పక్కనే గ్రైండింగ్ వీల్ తిరుగుతూ నిప్పురవ్వలు చిమ్మేది. అలా ఎలా ఉన్నామో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడేమో దాన్ని అనుభవం అనుకునేవాళ్లం.

ఎనభైల మొదట్లో ఒక ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, మాటలు పొట్టి. ట్రే చూశాడు, వీల్ చూశాడు. పైనున్న వాటాల్లో సంసారాలు కాపురముంటున్నాయి, పిల్లలు పరుగెత్తే చప్పుడు కిందికి వినిపిస్తోంది. ఆయన కప్పుకేసి ఒకసారి చూసి, "ఈ ట్రే ఉంటే షాపు ఉండదు. కడగడానికి ఇంకో దారి చూసుకోండి. చలికాలంలో మళ్లీ వస్తాను. నా ఎదురుగా చేసి చూపించాలి. లేకపోతే తాళం నేనే వేస్తాను" అన్నాడు.

ముసలాయనకి ఆ షాపు తప్ప వేరే లోకం లేదు. భార్య పోయాక ఇల్లు కూడా వదిలేసి షాపు వెనకే మంచం వేసుకున్నాడు. తాళం వేస్తే ఆయన బతుకు మీద వేసినట్టే. మరదలు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "హనీ, ఈ మనిషి ఇది లేకపోతే వసంతం చూడడు" అంది. ఎప్పుడూ అరిచే మనిషి అంత చిన్నగా మాట్లాడేసరికి నాకు భయమేసింది.

ఆ సంగతి ఇంట్లో చెప్తుంటే బావగారు అన్నం కలుపుతూ, "మా హాస్పిటల్లో సర్జరీ కత్తెర్లు అల్ట్రాసోనిక్ క్లీనర్లో వేస్తారోయ్. బ్రష్షు దూరని సందుల్లో రక్తం కూడా వచ్చేస్తుంది" అన్నారు. ఆయన వల్ల మా షాపుకి జరిగిన మేలు అదొక్కటే. ఇప్పటికీ ఆ షాపులో సగం తనదే అన్నట్టు మాట్లాడతారు.

మెషీన్ వచ్చింది. చూడ్డానికి ఏమీ లేదు. చెప్పుల పెట్టెకంటే కొంచెం పెద్ద స్టీలు తొట్టి, ఒక మూత, లోపల వేలాడే జల్లెడలాంటి బుట్ట, పక్కన రెండు నాబ్‌లు. అందులో పోయాల్సింది గోరువెచ్చటి నీళ్లు. దానికోసమే చేసిన క్లీనింగ్ లిక్విడ్ కొంచెం కలపాలి. స్విచ్ వేస్తే చెవికి అందనంత సన్నటి ధ్వని నీళ్లలో పుట్టి, కంటికి ఆనని బుడగలు లేచి, ఇనుము మీద పడి పగులుతాయట. ఆ పగలడంలో మురికి ఊడిపోతుందట. పెట్రోలు, సాల్వెంటు లాంటి అంటుకునే సరుకేదీ అందులో పోయకూడదని మెషీన్‌తో వచ్చిన కాగితంలో పెద్దక్షరాలతో రాశారు. లోపల వేడి పుడుతుంది, ఆవిరి లేస్తుంది, కింద కరెంటు ఉంటుంది. అంటుకోవడానికి ఇంకేం కావాలి?

నేను కాగితమంతా చదివి వినిపిస్తున్నంతసేపూ ముసలాయన ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు. "నీళ్లా?"

"నీళ్లే, బాస్."

"తుపాకీని నీళ్లలో ముంచమంటావా? నేనేమన్నా చేపలు పడుతున్నానా?"

మెషీన్ మీద గుడ్డ కప్పేశాడు. చలికాలం వచ్చేదాకా ఆ గుడ్డ తియ్యలేదు.

ఇన్‌స్పెక్టర్ వస్తానన్న రోజు పొద్దున నేను వెళ్లేసరికి బయట మంచు గట్టిపడి ఉంది. లోపల మాత్రం ముసలాయన ఈల వేస్తున్నాడు. ఆయన ఈల వేయడం నేనెప్పుడూ వినలేదు. మెషీన్ మీది గుడ్డ తీసేసి ఉంది, మూత పెట్టి ఉంది. పక్కన బల్ల మీద ఆయన సొంత రివాల్వర్, మెత్తటి గుడ్డలో. అది ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు కొన్నది. పోటీల్లో గురి చూసి కొట్టింది దాంతోనే. ప్రతి ఆదివారం ఆయనే కడుక్కునేవాడు. నన్ను దాని దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు.

"ఇదా చూపించేది?" అన్నాను.

"కస్టమర్ సొమ్ముతో ప్రయోగాలు చేస్తామా?" అన్నాడు. మళ్లీ ఈల.

నాకెందుకో ఈల నచ్చలేదు. మూత తీశాను. లోపల నిండా ఉంది. నురుగు లేదు. వాసన చూద్దామంటే ఆ గదిలో అన్నిటికీ అదే వాసన. వేలు ముంచి ముంజేతి మీద రాసుకున్నాను. చల్లగా తగిలి, అంతలోనే ఆరిపోయింది. రోజూ ట్రే దగ్గర నా చేతి మీద ఆరిన చల్లదనమే అది. నీళ్లు అలా ఆరవు. తలెత్తి చూస్తే క్లీనింగ్ లిక్విడ్ డబ్బా సీలు కూడా విప్పకుండా అరలో నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే కౌంటర్ ఆవిడ లోపలికొచ్చింది. "ఇన్‌స్పెక్టర్ కారు పార్క్ చేస్తున్నాడు. దీన్ని వేడెక్కించొద్దా?" అని ప్లగ్గు చేతిలోకి తీసుకుంది.

"ఆగవే తల్లీ!" అని అరిచాను. అచ్చ తెలుగులో.

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, కొయ్యబారిపోయింది. నేను వెళ్లి ప్లగ్గు ఆవిడ చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. వైరు పొట్టిది కనక నేనూ మెషీనూ కాసేపు ఒకరినొకరం వదలకుండా నిలబడిపోయాం.

"బాస్, ఇందులో ఏం పోశారు?"

ఈల ఆగిపోయింది.

"పైన పిల్లలున్నారు బాస్."

ముసలాయన రివాల్వర్ వైపు చూశాడు. "దాన్ని నీళ్లలో ముంచలేకపోయాను కిడ్," అన్నాడు. నాకప్పటికి ముప్ఫై దాటాయి, అయినా ఆయనకి కిడ్‌నే. "నా చేతులు ఒప్పుకోలేదు."

తిడదామనుకున్నాను. కానీ నా చేతులూ ఒప్పుకునేవి కావు కదా.

వెనక తలుపు, ముందు తలుపు బార్లా తెరిచాం. నేనూ ఆయనా తొట్టిని చెరోవైపు పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, సాల్వెంటుని తిరిగి డబ్బాలోకి వంచుతున్నాం. ముసలాయన కోటు కూడా వేసుకోలేదు. వెనక అడుగుల చప్పుడయింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి మమ్మల్నీ డబ్బానీ తొట్టినీ వరసగా చూస్తున్నాడు.

ఇలాంటప్పుడు నా నోరు ముందు పరుగెడుతుంది. "గుడ్ మార్నింగ్ సర్! కొత్త మెషీన్ కదా, మా దేశంలో మొదట బయట పూజ చేసి లోపలికి..." అని ఏదో అల్లుతున్నాను.

ముసలాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సాల్వెంటు పోశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. "కాగితంలో వద్దని ఉంది. తెలిసే పోశాను. వీడు ఆపాడు."

"ప్లగ్గు పెట్టారా?"

"లేదు."

ఇన్‌స్పెక్టర్ వంగి డబ్బాలోకి చూశాడు. ఆ క్షణంలో ముసలాయనని చూసి నాకు కలిగినదాన్ని భయం అనలేను, భక్తి అనాలేమో. ఆ షాపు పోతే ఆయన లేడు. అబద్ధం నేను సగం చెప్పేసి చేతికిచ్చాను. తీసుకోలేదాయన.

"తొట్టి బాగా తుడిచి ఆరబెట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. "నీళ్లు పొయ్యి. ఆ కాగితంలో ఎలా ఉందో అలా. ఆ రివాల్వరే పెట్టు. నేను చూస్తాను. పెట్టలేనంటావా, తాళం నా కార్లో ఉంది."

తుడిచాం, గాలికి ఆరబెట్టాం, గదిలోంచి వాసన పోయేదాకా గడగడ వణుకుతూ నిలబడ్డాం. గోరువెచ్చటి నీళ్లు, లిక్విడ్ పోశాం. తుపాకీ పెట్టకముందు, "అసలిది పనిచేస్తుందని నాకెలా తెలుసు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కౌంటర్ ఆవిడ తన శాండ్‌విచ్ చుట్టిన అల్యూమినియం రేకు విప్పి ఇచ్చింది. ఆవిడ మధ్యాహ్నభోజనం ఆ రోజు సైన్సుకి అర్పితమైపోయింది. రేకు చివర్లు పట్టుకుని, వేళ్లు నీళ్లకి తగలకుండా, నిలువుగా ముంచి స్విచ్ వేశాను. దూరంగా ఎవరో మూకుడులో ఆవాలు వేయిస్తున్నట్టు సన్నటి చిటపట. కాసేపటికి పైకి తీస్తే రేకంతా గరుకుగా గుంటలు పడి, అక్కడక్కడ జల్లెడలా చిల్లులు. వెలుతురులో పట్టుకుంటే చుక్కలు మెరిసినట్టున్నాయి. ఆ నీళ్లలో పళ్లున్నట్టు ఎవరికీ కనపడలేదు. మేం నలుగురం శాండ్‌విచ్ రేకుని చూస్తూ నిలబడ్డాం.

ముసలాయన రివాల్వర్ తెరిచాడు. చూశాడు. "కాలీ."

నేను చూశాను, తడిమాను. "ఖాళీ."

కర్రపిడి ఊడదీశాడు. కర్రని ఇందులో వెయ్యకూడదు. స్క్రూలు విప్పి, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్‌నీ మిగతా ఇనుప ముక్కల్నీ ఒకదానికొకటి రాసుకోకుండా బుట్టలో సర్దాడు. అంత మృదువుగా సర్దడం నేను మళ్లీ చూడలేదు. బుట్ట నీళ్లలోకి దిగుతుంటే కళ్లు మూసుకున్నాడు.

స్విచ్ వేశాను.

మొదట ఏమీ లేదు. తర్వాత సిలిండర్ అడుగునుంచి ఒక నల్లటి దారం బయటికొచ్చింది. సిరా చుక్క నీళ్లలో విచ్చుకున్నట్టు పొగలా విచ్చుకుంది. ఇంకో సందులోంచి ఇంకోటి. స్క్రూ కన్నాల్లోంచి, బ్రష్షు వెంట్రుక దూరని గాడుల్లోంచి, మనిషి అనేవాడు ఎన్నడూ చూడని మూలల్లోంచి. ఇనుము లోపలినుంచి రాత్రి బయటికి వస్తున్నట్టుంది. చూస్తుండగానే నీళ్లన్నీ మబ్బు పట్టాయి. ఎవరూ ముట్టుకోవడం లేదు, ఎవరూ రుద్దడం లేదు. సన్నటి ఆవాల చప్పుడు ఒక్కటే.

ముసలాయన ఎప్పుడు కళ్లు తెరిచాడో తెలియదు. బల్ల అంచు పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"ప్రతి ఆదివారం," అన్నాడు. "ప్రతి ఆదివారం నా చేత్తో కడిగాను."

కౌంటర్ ఆవిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నేను, ప్రతిదానికీ ఒక జోకు జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి, జేబులన్నీ వెతుక్కున్నా ఏమీ దొరకలేదు.

బుట్ట పైకి తీసి వేడినీళ్లలో కడిగి, గాలిగొట్టంతో ఆరబెట్టాక చూస్తే ఆ ముక్కలు ఇప్పుడే పుట్టినట్టున్నాయి. కానీ ఒంటి మీద నూనెచుక్క లేదు. మెషీన్ మురికితోపాటు నూనె కూడా లాగేస్తుంది. అలా వదిలేస్తే కాసేపట్లో తుప్పు మొదలవుతుంది. అక్కడ ముసలాయన నిద్రలేచాడు. నన్ను తోసుకొచ్చి, నీటిని నెట్టేసే నూనెలో ఒక్కో ముక్కా ముంచి, వేళ్లతో ప్రతి గాడిలోకీ పట్టించడం మొదలుపెట్టాడు. ఆ వేళ్లకి కళ్లున్నాయి. మా అమ్మ పిల్లలకి నూనె రాసి తర్వాత తలంటు పోసేది. ఇక్కడ ముందు తలంటు, తర్వాత నూనె. వరస తిరగబడింది గానీ, చేతులు అవే.

బిగించి, సిలిండర్‌ని చూపుడువేలితో తిప్పాడు. తిరిగింది. తిరుగుతూనే ఉంది. చప్పుడు లేదు.

"ట్రే ఈ రోజే పోవాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ మురికినీళ్లు సింకులో వంచొద్దు, సీసం ఉంటుంది, విడిగా డబ్బాలో పెట్టండి. గ్లవ్స్ వేసుకోండి." గుమ్మం దగ్గర ఆగి, "తూటాలు మాత్రం దాని దరిదాపుల్లోకి..." అని మొదలుపెట్టాడు.

"కాలీ" అంది కౌంటర్ ఆవిడ. ఏమర్థమైందో, ఆయన తల ఊపి కారెక్కాడు. తాళం కార్లోనే వెళ్లిపోయింది.

ముసలాయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. భోజనానికి లేవలేదు. మబ్బు నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. షాపు దక్కిందన్న సంతోషం కూడా ఆ ముఖంలో ఇంకా చేరలేదు.

మధ్యాహ్నం ఒక రైతు వచ్చాడు. బాతుల వేటకి తీసుకెళ్లే షాట్‌గన్ శుభ్రం చేయమని అంతకుముందే ఇచ్చి వెళ్లాడు, ఇప్పుడు తీసుకోడానికి వచ్చాడు. మంచం మీద, చర్చిలో తప్ప టోపీ తీయని రకం. మంచు తొక్కిన బూట్లతో సరాసరి వెనక గదిలోకొచ్చి, "అయిందా?" అన్నాడు.

"ఇప్పుడే పెడుతున్నాను. నీళ్లలో" అన్నాడు ముసలాయన.

"నీళ్లలోనా? నా తుపాకీనా? ముసలోడా, నీకు మతి పోయిందా?"

నేను కొత్త నీళ్లు పోస్తున్నవాణ్ణి ఆగిపోయాను. మెషీన్ వచ్చినరోజు మా ముసలాయన అడిగిన మాటే అది. ఏం జవాబు చెప్తాడో చూద్దామనుకున్నాను. ముసలాయన వాదించలేదు. లేచి, తన స్టూలు తీసి మెషీన్ ముందు వేసి, దాని మీద రైతుని కూర్చోబెట్టాడు. తుపాకీ తెరిచి చూశాడు, నాకిచ్చాడు, నేనూ చూశాను. విప్పి, తొట్టిలో పట్టని పొడుగాటి గొట్టం పక్కన పెట్టి, మిగతా ముక్కలు బుట్టలో సర్ది, నీళ్లలోకి దించాడు. స్విచ్ మీద చెయ్యి పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు రైతు వైపు తిరిగాడు.

"టోపీ తియ్యి" అన్నాడు.